ప్రత్యేక అవసరాల పిల్లల బడికి వాలంటీర్‌గా వెళ్లాలనుకుంటే: మొదటి ఫోన్ నుంచి చివరి రోజు దాకా

"వారంలో ఒకట్రెండు పూటలు ఖాళీ, స్పెషల్ పిల్లల స్కూల్‌కి వెళ్లి ఏదైనా చేద్దామనుకుంటున్నా, ఎక్కడ అడగాలి, వెళ్లాక ఏం చేయాలి?" అని విజయవాడ, గుంటూరు నుంచి అడిగేవాళ్లు బాగా పెరిగారు. బీటెక్ పిల్లలు, బ్యాంకులో రిటైరైనవాళ్లు, సొంత పిల్లల్ని బడికి పంపాక పగలంతా ఇంట్లో ఉండే ఆడవాళ్లు. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకేచోట వరుసగా రాస్తున్నాను.

ఒక సంగతి మొదటే తెలిస్తే మిగతాదంతా సులువు. పిల్లవాడి పని మీరు చేసి పెట్టడం సాయం కాదు. వాడు చేసుకునేదాకా పక్కన ఓపిగ్గా ఆగడమే మీ ఉద్యోగం. ఈ మార్గదర్శిలో ప్రతి అడుగూ ఈ లెక్కమీదే ఉంటుంది.

1. ఎక్కడికి వెళ్లాలో ముందు తేల్చుకోండి

మన దగ్గర మూడు రకాల చోట్లున్నాయి, మూడింటిలో పని వేరుగా ఉంటుంది.

మొదటిది భవిత కేంద్రాలు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో నడుస్తాయి, చాలావరకు ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనే ఉంటాయి. ఐఈఆర్పీలు, అంటే ఈ పిల్లల కోసమే పెట్టిన ప్రత్యేక టీచర్లు చూసుకుంటారు, ఫిజియోథెరపిస్టు కొన్ని రోజులు వచ్చి వెళ్తారు. కదల్లేని పిల్లల కోసం టీచర్లు ఇళ్లకి కూడా వెళ్లాలి కాబట్టి సెంటర్లో మనుషులు ఎప్పుడూ తక్కువే. నన్నడిగితే కొత్తవాళ్లకి ఇదే మంచి చోటు.

రెండోది మామూలు ప్రభుత్వ బడి. తరగతి నిండా పిల్లలుంటే వాళ్లలో ఒకరిద్దరు ప్రత్యేక అవసరాలున్నవాళ్లు. టీచర్ పాఠం ఆపి వాళ్ల దగ్గర కూర్చోలేరు, ఆ పక్క బెంచీ మీద కూర్చునే మనిషి కావాలి.

మూడోది ట్రస్టులు, ప్రైవేటువాళ్లు నడిపే స్పెషల్ స్కూళ్లు. చాలాచోట్ల చిన్నపిల్లలతో పాటు పద్దెనిమిది దాటినవాళ్లకీ కాగితం కవర్లు, కొవ్వొత్తులు, ఫినాయిల్ తయారీ లాంటి పనులు నేర్పిస్తారు. చేతిపని వచ్చినవాళ్లు ఇక్కడ బాగా ఉపయోగపడతారు.

దగ్గర్లో భవిత కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి, లేదా పక్కనున్న హైస్కూల్ హెచ్ఎంని అడిగినా చెప్తారు. జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో సహిత విద్య (ఈ పిల్లల్ని మిగతావాళ్లతో కలిపి చదివించడం) చూసే విభాగం ఉంటుంది, అక్కడా వివరం దొరుకుతుంది.

దూరం విషయంలో మొహమాటపడకండి. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ విజయవాడ పటమటలో ఏదో పేరున్న స్కూలని ఒప్పుకుంటే, రెండో నెలలో వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజున మీ సేవ ముగిసిపోతుంది. ఇంటికి అరగంటలోపు ఉన్నదే చూసుకోండి.

2. ఎంత టైమ్ ఇవ్వగలరో తగ్గించి చెప్పండి

వారానికి రెండు పూటలు, అవే రోజులు, అదే టైమ్. అంతకంటే ఎక్కువ మొదట్లో వద్దు. ఈ పిల్లల్లో చాలామందికి రోజు ఎలా నడుస్తుందో ముందే తెలిసి ఉండాలి, ఆటిజం ఉన్న పిల్లలకి మరీను. మంగళవారం వస్తానన్న మనిషి మంగళవారం రాకపోతే ఆ పూటంతా టీచర్ పడాల్సిన తంటాలు మీకు కనపడవు.

మన బడుల క్యాలెండర్ కూడా చూసుకోండి. జూన్ రెండో వారంలో తెరుస్తారు, దసరాకి, సంక్రాంతికి సెలవులు, మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు. ఫిబ్రవరిలో ఉత్సాహంగా మొదలుపెడితే పిల్లలు మీకు అలవాటయ్యేసరికి బడి మూసేస్తారు. జూన్ ఆఖర్లో గానీ జులైలో గానీ మొదలుపెట్టి కనీసం సంక్రాంతి దాకా ఉండేలా చూసుకోండి. కాలేజీలో ఉన్నవాళ్లు సెమిస్టర్ పరీక్షల తేదీలు మొదటి రోజే టీచర్‌కి ఇచ్చేయండి.

3. అనుమతి, కాగితాలు

ప్రైవేటు స్కూలైతే ఫోన్ చేసి టైమ్ తీసుకుని వెళ్లండి. ప్రభుత్వ బడి అయితే హెచ్ఎం గారిని కలిసి లెటర్ ఇవ్వండి. వాళ్లు ఎంఈఓని అడగాలనో, జిల్లా ఆఫీసు నుంచి ఆర్డర్ కావాలనో అంటే చిన్నబుచ్చుకోవద్దు. ముక్కూమొహం తెలియని మనిషిని మాటలు సరిగా రాని పిల్లల మధ్యకి అడగ్గానే పంపించే బడి కంటే, నాలుగు ప్రశ్నలు వేసి రెండు వారాలు తిప్పే బడే నయం.

లెటర్ పెద్దగా అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, నేను ఫలానా ప్రాంతంలో ఉంటున్నాను. జులై నుంచి జనవరి వరకు ప్రతి మంగళ, గురువారాలు ఉదయం 9.30 నుంచి 12.30 వరకు మీ బడిలో ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్‌కి సహాయంగా ఉండగలను. జీతం గానీ భత్యం గానీ ఆశించడం లేదు. పిల్లల ఫొటోలు తీయను, వాళ్ల వివరాలు బయట చెప్పను. టీచర్ అప్పగించిన పని మాత్రమే చేస్తాను. దయచేసి అనుమతించగలరు."

లెటర్‌తో పాటు ఇవి పట్టుకెళ్లండి:

☐ ఆధార్ జిరాక్స్, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు
☐ మీ గురించి చెప్పగల ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు (చుట్టాలు కాకుండా)
☐ విద్యార్థులైతే కాలేజీ నుంచి ఒక లెటర్
☐ పోలీస్ వెరిఫికేషన్ అడిగితే ఇస్తానని ఒక మాట
☐ అత్యవసరమైతే మీ ఇంట్లో ఎవరికి చెప్పాలో ఆ నంబర్

ఇక్కడ ఒక సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. అంటే ఆ పిల్లలు అక్కడ ఎవరి దయ మీదా లేరు. మీ లెటర్లో "అభాగ్యులు", "దేవుడి బిడ్డలు" లాంటి మాటలుంటే తీసేయండి.

4. పిల్లల్ని కలవకముందే టీచర్‌ని అడగాల్సినవి

పావుగంట టీచర్‌తో విడిగా కూర్చోండి. వాడికేం జబ్బు, ఎంత పర్సెంట్ అని అడగొద్దు, అది మీకు అక్కర్లేదు. ఇవి అడగండి, రాసుకోండి:

☐ ఈ పాప లేదా బాబు కావాలని, వద్దని ఎలా చెప్తారు? మాటతోనా, సైగతోనా, బొమ్మ చూపించా?
☐ ఏ శబ్దం, ఏ వాసన, ఏ స్పర్శ పడదు? చిరాకు వస్తే దేనితో తగ్గుతుంది?
☐ ఫిట్స్ వస్తాయా? వస్తే మీరేం చేస్తారు?
☐ తినకూడనివి ఏమైనా ఉన్నాయా? తినేటప్పుడు పొలమారుతుందా?
☐ బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారు? (జవాబు ఎప్పుడూ ఆయా లేదా టీచర్ అయి ఉండాలి, మీరు కాదు)
☐ గేటు తెరిచి ఉంటే బయటికి పరిగెత్తే పిల్లలు ఎవరు?
☐ ఈ మూడు నెలల్లో ఈ పిల్లవాడికి మీరు నేర్పించాలనుకుంటున్న ఒకటి రెండు పనులు ఏంటి?

ఆ చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ విడిగా ఒక ప్రణాళిక ఉంటుంది, టీచర్లు ఐఈపీ అంటారు. మీరు చేసే పని అందులోంచే రావాలి. టీచర్ ఏడాదంతా "ఇవ్వు" అనే సైగ నేర్పిస్తుంటే మీరు వచ్చి ఏబీసీడీలు వల్లె వేయిస్తే ఇద్దరి శ్రమా వృథా.

5. మొదటి రెండు వారాలు చూడటమే పని

చాలామందికి ఇదే కష్టం. వచ్చాక ఊరికే కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. కూర్చోండి. టీచర్ ఏ మాట ఏ గొంతుతో అంటున్నారో, ఏ పిల్లవాడికి ఎంతసేపు ఆగుతున్నారో చూడండి. పేర్లు నేర్చుకోండి.

బట్టలు: వేలాడే చెవిరింగులు, పొడుగు గొలుసులు, జారే చున్నీ వద్దు, ఎవరో ఒకరు లాగుతారు. గోళ్లు కత్తిరించుకోండి. సెంటు, ఘాటైన మల్లెపూలు కూడా కొంతమందికి పడవు. నేలమీద కూర్చుని లేవగలిగే బట్టలైతే మేలు.

మాట: పిల్లలతోనే మాట్లాడండి, పక్కనున్న అమ్మతో "వీడు తిన్నాడా?" అని కాదు. చిన్న వాక్యం, ఒక్కసారి చెప్పి మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. మన అలవాటు ఏంటంటే జవాబు రాకపోతే అదే ప్రశ్నని మూడు రకాలుగా మార్చి అడుగుతాం, పాపం ఆ పిల్ల మొదటిది అర్థం చేసుకునేలోపు రెండోది మీదపడుతుంది.

పదిహేనేళ్ల అబ్బాయిని బుగ్గ గిల్లి "బుజ్జి కన్నా" అనొద్దు. మీ వీధిలో పదిహేనేళ్ల కుర్రాడితో ఎలా మాట్లాడతారో అలాగే. పిల్లలు మిమ్మల్ని ఏమని పిలవాలో టీచర్‌నే నిర్ణయించనివ్వండి, అక్కా, అన్నా, మేడమ్, ఏదైనా ఒకటే ఉండాలి.

ఇంకొన్ని చిన్న జాగ్రత్తలు:

- చూపు లేని పిల్లల దగ్గరికి వెళ్లగానే మీ పేరు చెప్పండి, వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. చెయ్యి పట్టి లాక్కెళ్లకుండా మీ మోచెయ్యి ఇవ్వండి, వాళ్లే పట్టుకుంటారు.
- వినికిడి లేని పిల్లలతో వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి. అరవొద్దు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవద్దు.
- వీల్‌చెయిర్ అడక్కుండా తొయ్యొద్దు. అది వాళ్ల ఒంట్లో భాగం కిందే లెక్క.
- సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండకపోవడం) ఉన్న పిల్లలకి తినిపించడం మీ పని కాదు. తల వెనక్కి వాల్చి పెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎలా కూర్చోబెట్టాలో ఫిజియో నేర్పించినవాళ్లే పెట్టాలి.

6. అసలు పని: ఒక్క పిల్లవాడు, ఒక్క పని

మూడో వారం నుంచి టీచర్ ఒకరిని అప్పగిస్తారు. ఒక్క పని తీసుకోండి. "చదువు నేర్పిస్తా" అన్నది పని కాదు. "చొక్కా గుండీలు పెట్టుకోవడం" పని.

ఎ) ముక్కలు చేయండి. ముందు మీరు చేసుకుంటూ ఒక్కో కదలికా రాయండి. చేతులు కడుక్కోవడమే తీసుకుంటే: కుళాయి తిప్పాలి, చేతులు తడపాలి, సబ్బు తీసుకోవాలి, రుద్దాలి, సబ్బు తిరిగి పెట్టాలి, కడగాలి, కుళాయి కట్టాలి, తుడుచుకోవాలి. ఎనిమిది ముక్కలు. వీటిలో పిల్లవాడికి ఏవి వచ్చో చూసి గుర్తు పెట్టండి. చాలాసార్లు ఐదారు వచ్చే ఉంటాయి, మనం మొత్తం రాదనుకుంటాం.

బి) చివరి నుంచి మొదలుపెట్టండి. గుండీకి ఇది బాగా పనిచేస్తుంది. గుండీని కాజాలోంచి సగం మీరు తోసి, మిగతా సగం బయటికి లాగడం మాత్రం పిల్లవాడికి వదిలేయండి. పని పూర్తిచేసింది వాడే కాబట్టి ఆ తృప్తి వాడిది. అది కుదిరాక ఒక అడుగు వెనక్కి రండి, తోయడం కూడా వాడికే ఇవ్వండి.

సి) సాయాన్ని మెట్లుగా దించండి. చేతిమీద చెయ్యి వేసి చేయించడం అన్నిటికన్నా పెద్ద సాయం. తర్వాత మోచేతి దగ్గర తాకడం. ఆ తర్వాత వేలితో చూపించడం. తర్వాత మాట. చివరికి ఏమీ చేయకుండా ఆగడం. వారం వారం ఒక మెట్టు దిగాలి. దిగడం లేదంటే పని ఇంకా చిన్న ముక్కలు కావాలని అర్థం.

మాట సంగతిలో జాగ్రత్త. కాగితం మీద అది చిన్న సాయంలా కనిపిస్తుంది కానీ మానడం అన్నిటికన్నా కష్టం. "ఆ, తర్వాత ఏంటి? ఇప్పుడు సబ్బు, ఆ..." అని మీరు అంటూ పోతే పిల్లవాడు కుళాయి దగ్గర నిలబడి మీ గొంతు కోసం ఎదురుచూడటం నేర్చుకుంటాడు, ఇంట్లో ఆ గొంతు ఉండదు కదా. అందుకే చాలామంది టీచర్లు నోరు మూసుకుని వేలితో చూపిస్తారు, లేదా గోడమీద బొమ్మల వరుస అంటిస్తారు.

డి) రాయండి. ఒక సన్న నోట్‌బుక్ చాలు. తేదీ, పని, ఏ సాయంతో. చే (చెయ్యి), తా (తాకడం), చూ (చూపడం), మా (మాట), సొ (సొంతంగా) అని పొట్టి గుర్తులు పెట్టుకుంటే ఒక్క లైన్‌లో అయిపోతుంది: "జులై 9, గుండీ, ఐదుసార్లు: చే, చే, తా, తా, చూ." నెల తిరిగేసరికి ఈ లైన్లు చూస్తేనే టీచర్‌కి ఏం మారిందో తెలుస్తుంది. "బాగా చేస్తున్నాడండీ" అన్న మాటతో ఆవిడకి ఏ ఉపయోగమూ లేదు.

ఇ) నిజమైన వస్తువులతో, నిజమైన సమయంలో. లెక్కలకి మధ్యాహ్న భోజనం కంటే మంచి క్లాసు లేదు. ఈరోజు ఎంతమంది వచ్చారు, ఎన్ని కంచాలు, ఎన్ని గుడ్లు, చిక్కీ ఇచ్చే రోజైతే ఎన్ని చిక్కీలు. డబ్బు నేర్పించాలంటే అసలు పది రూపాయల నోటు వాడండి, ప్లాస్టిక్ నాణేలు వద్దు. పెద్దపిల్లల్ని రైతుబజార్‌కి తీసుకెళ్లి అరకిలో టమాటాలు కొనిపించడం చాలా మంచి పాఠం, కానీ అది టీచర్ పెట్టుకున్నప్పుడు, తల్లిదండ్రులు రాసిచ్చిన అనుమతితోనే. మీరు ఒంటరిగా ఒక్క పిల్లని కూడా గేటు దాటించొద్దు.

7. గొడవ వచ్చినప్పుడు

పిల్లవాడు నేలమీద పడి అరుస్తున్నాడు. మీకు టెన్షన్. ఏం చేయాలి?

మీ నోరు ఆపండి, అది మొదటిది. బుజ్జగింపు, ప్రశ్నలు, "అందరూ చూస్తున్నారు" లాంటివన్నీ ఆ సమయంలో చెవిలో మోగే ఇంకో శబ్దం మాత్రమే. మిగతా పిల్లల్ని పక్కకి జరపండి, తగిలే వస్తువులు తీసేయండి, ఫ్యాన్ చప్పుడో రేడియోనో కారణమైతే ఆపండి, టీచర్‌ని పిలవండి. పట్టుకోవడం, ఎత్తుకోవడం టీచర్ చెప్తేనే.

తగ్గాక నోట్‌బుక్‌లో మూడు సంగతులు రాయండి: దానికి ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏం దొరికింది లేదా ఏం తప్పింది. నాలుగైదు సార్లు రాశాక కారణం దానంతటదే బయటపడుతుంది. రాత పని పెట్టగానే కొరుకుతున్నాడంటే, కొరకడంతో రాత తప్పుతోందన్నమాట. అప్పుడు "చాలు" అని చూపించే కార్డు నేర్పించాలి, తిట్టు కాదు.

ఫిట్స్ వస్తే:

☐ వెంటనే గడియారం చూడండి
☐ తల కింద మెత్తటిది పెట్టి, చుట్టూ ఉన్న కుర్చీలు జరపండి
☐ మెడ దగ్గర గుండీ వదులు చేసి, ఒక పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి
☐ నోట్లో చెంచా, వేలు, గుడ్డ, నీళ్లు ఏమీ పెట్టొద్దు
☐ చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఏమీ కాదు, ఎవరైనా తెచ్చినా వద్దనండి
☐ కాళ్లూ చేతులూ గట్టిగా అదిమి పట్టొద్దు
☐ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా, ఇదే మొదటిసారైనా, దెబ్బ తగిలినా 108కి ఫోన్

ఇంకో కష్టమైన విషయం. ఎవరో తనని కొడుతున్నారనో, తాకకూడని చోట తాకుతున్నారనో ఏ పిల్ల అయినా మాటతోనో సైగతోనో చెప్తే, ఆశ్చర్యపోకుండా వినండి. గుచ్చి గుచ్చి అడగొద్దు, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు. అదే రోజు హెచ్ఎంకి చెప్పండి, విన్నది విన్నట్టు రాసిపెట్టండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక వేధింపు గురించి తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి తెలియజేయాల్సిందే, బడివాళ్లు వెనకాడుతున్నా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చేయొచ్చు.

8. తరచూ కనిపించే తప్పులు, వాటికి విరుగుడు

పుట్టినరోజు కేక్. "మా అబ్బాయి బర్త్‌డే, పిల్లలతో కేక్ కట్ చేయిస్తాం" అని బుడగలు, పాటల బాక్సు వేసుకుని దిగుతారు. పాటలకి చెవులు మూసుకునే పిల్లలుంటారు, బుడగ పేలితే ఆ పూట ముగిసినట్టే. నిజంగా ఇవ్వాలనుంటే బడికి ఏం కావాలో అడిగి అది ఇవ్వండి. ఎక్కువసార్లు వచ్చే జవాబు చాలా మామూలుగా ఉంటుంది: డైపర్లు, చాపలు, లామినేషన్ షీట్లు, వెల్క్రో.

ఫొటోలు. తీయొద్దు. ముఖం మసక చేసి కూడా స్టేటస్ పెట్టొద్దు. ఫోన్ బ్యాగులోనే ఉండనివ్వండి.

చాక్లెట్ లంచం. ప్రతి పనికీ చాక్లెట్ అలవాటు చేస్తే మీరు లేని రోజు పని ఆగిపోతుంది. ఆ పిల్లవాడికి ఏది ఇష్టమో టీచర్‌ని అడగండి, కొంతమందికి రెండు నిమిషాలు ఊయల చాలు.

ఉచిత వైద్య సలహా. "మా ఊళ్లో పసరు మందు ఇస్తారు", "ఫలానా గుడిలో నిద్ర చేయించండి." ఈ మాటలు ఆ తల్లి ఇప్పటికే చాలామంది దగ్గర విని ఉంటుంది.

అందరికీ కొంచెం కొంచెం. రోజుకో పిల్లవాడి దగ్గర కూర్చుంటే ఎవరికీ ఏదీ రాదు. టీచర్ మార్చేదాకా అప్పగించిన ఒక్కరితోనే ఉండండి.

కౌగిలింతలు. చిన్నప్పుడు ముద్దుగా ఉన్న అలవాటే పదహారేళ్లకి బస్సులో ఇబ్బంది తెస్తుంది. ఎదురొచ్చి హత్తుకునే పిల్లలకి నమస్తే గానీ చేతిలో చెయ్యి కొట్టడం గానీ నేర్పించండి, బడిలో అందరూ ఒకేలా చేయాలి.

9. బయట కూర్చునే అమ్మలతో

చాలా బడుల దగ్గర అమ్మలు, అమ్మమ్మలు అరుగుమీద సాయంత్రం దాకా కూర్చుంటారు. పలకరించండి, అండీ అనే మాట్లాడండి. వాళ్ల పిల్లల ప్రగతి గురించి మాత్రం మీరు చెప్పొద్దు, అది టీచర్ చెప్పాలి, మీరు ఒకటి ఆవిడ ఒకటి చెప్తే గందరగోళం.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్ల గుర్తింపు కార్డు), పింఛను గురించి అడిగితే ఊహించి చెప్పకుండా గ్రామ, వార్డు సచివాలయానికి పంపండి. చదువురానివాళ్లైతే మీరు వెంట వెళ్లి ఫారం నింపిపెట్టడం నిజంగా పెద్ద సాయం, క్లాసులో కూర్చోవడం కుదరదనుకున్నవాళ్లు ఈ పనొక్కటి చేసినా చాలు.

10. మానేయాల్సి వస్తే

ఉద్యోగం వస్తుంది, పెళ్లవుతుంది, హైదరాబాద్ వెళ్లిపోతారు. తప్పేం లేదు, కానీ చెప్పకుండా మాయమైపోవద్దు.

☐ కనీసం రెండు వారాల ముందు టీచర్‌కి చెప్పండి
☐ పిల్లవాడికి క్యాలెండర్ మీద మీరొచ్చే రోజులు గీసి చూపించండి, వచ్చినప్పుడల్లా ఒకటి కొట్టేయించండి
☐ మీ బదులు ఎవరైనా వస్తుంటే చివరి రెండు పూటలు ఇద్దరూ కలిసి రండి, సాయం ఏ మెట్టు మీద ఉందో చేసి చూపించండి
☐ నోట్‌బుక్ బడికే ఇచ్చేయండి, ఇంటికి తీసుకెళ్లొద్దు, అందులో పిల్లల వివరాలున్నాయి
☐ "మళ్లీ వస్తా" అని పిల్లలకి చెప్పొద్దు, తేదీ ఖాయమైతే తప్ప

ఇదే వృత్తిగా చేద్దామనిపిస్తే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా, బీఈడీ కోర్సులున్నాయి. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఆ ఏడాదికి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి.